రాబోయే కెమెరా: ఊహలు, ఆనవాళ్లు, ఇంటి లెక్క

బళ్లారి, హోసూరు, పర్లాకిమిడి, చంద్రపూర్, యానాం. ఏ వైపు సరిహద్దున ఉన్న తెలుగువారి ఊరిని చూచినా బజారులో ఒకటి రెండు ఫొటో స్టూడియోలు కనిపిస్తాయి. ముహూర్తాల నెలలు దగ్గర పడుతున్న కొద్దీ ఆ స్టూడియోలు నడిపే కుటుంబాలలో ఒకే చర్చ మొదలవుతుంది. ఇప్పుడు దొరుకుతున్న కెమెరా కొనడమా, త్వరలో రానున్నదని అందరూ చెప్పుకుంటున్న కొత్త మోడల్ కోసం ఆగడమా? కొంటే ఆరు నెలల్లో అది పాతదై పోతుందేమోనని భయం. ఆగితే ఈ ఏడాది పెళ్లిళ్లు పాత కెమెరాతోనే గడపవలసి వస్తుందని బెంగ. చీటీ పాడిన డబ్బో, బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బో చేతిలో ఉన్నప్పుడు ఈ ప్రశ్న చిన్నది కాదు.

వృత్తి నిపుణుల కెమెరాల విషయంలో గడచిన పాతికేళ్లలో ఎన్నో ఊహాగానాలు సాగినవి. వాటిలో ఏవి నిజమైనవి, ఏవి తప్పినవి, ఎందువలన తప్పినవి అన్నది తెలుసుకుంటే ఇక ముందు వినబోయే పుకార్లను తూచి చూడడం సులువవుతుంది. ఆ వివరాలను ఒకచోట కూర్చి పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకప్పుడు రెండు శాఖలు

డిజిటల్ కెమెరా మొదటి నమూనాను 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తయారు చేసినాడు. అయితే పత్రికా ఛాయాగ్రాహకులు నిజంగా చేతపట్టి వాడుకోగలిగిన ధరలో, ఒక కెమెరా సంస్థ పూర్తిగా తానే రూపొందించిన డిజిటల్ కెమెరాగా పేరు పొందినది 1999లో వచ్చిన నికాన్ డీ1. దాని చిత్రం 2.7 మెగాపిక్సెళ్లు మాత్రమే.

2001లో నికాన్ ఆ కెమెరాను రెండుగా చీల్చినది. డీ1హెచ్ వేగానికి, డీ1ఎక్స్ స్పష్టతకు. అదే ఏడాది కానన్ సంస్థ సెకనుకు 8 చిత్రాలు తీసే 4 మెగాపిక్సెళ్ల 1డీని ప్రకటించినది. 2002లో 11 మెగాపిక్సెళ్ల 1డీఎస్‌ను తెచ్చినది. ఇది సెకనుకు 3 చిత్రాలు మాత్రమే తీయగలదు కాని, దాని సెన్సర్ పాత ఫిల్ము ముక్క అంత పెద్దది, అనగా 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. ఈ కొలతనే ఫుల్ ఫ్రేమ్ అంటారు.

ఈ చీలికకు కారణం సాంకేతికమైనది. సెన్సర్ మీద పడిన వెలుతురును అంకెలుగా మార్చి కార్డులోకి పంపడానికి సమయం పడుతుంది. పిక్సెళ్లు ఎక్కువైతే పని ఎక్కువై వేగం తగ్గుతుంది. నాటి పరికరాలకు రెండూ ఒకేసారి సాధ్యం కాలేదు. అందువలన ఆటల మైదానానికి ఒక కెమెరా, స్టూడియోకు మరొక కెమెరా అవసరమైనవి. ఈ రెండు శాఖలు ఎప్పటికీ ఇలాగే సాగుతాయని నాడు చాలామంది భావించినారు. ఊహలు తప్పడం అక్కడే మొదలైనది.

పేరు పెట్టినా పుట్టని బిడ్డలు

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత కెమెరా లోకానికి అతికినట్లు సరిపోతుంది. పేరు ముందుగా ప్రచారమై, ఏళ్ల తరబడి ఎదురుచూపులు సాగి, చివరకు రాకుండానే పోయిన మోడళ్లలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది కానన్ 1డీఎస్ మార్క్ 4. 2007లో 21.1 మెగాపిక్సెళ్లతో 1డీఎస్ మార్క్ 3 వచ్చిన తరువాత, దానికి వారసుడు తప్పక వస్తాడని అందరూ నమ్మినారు. కాని 2008 సెప్టెంబరులో కానన్ అదే 21.1 మెగాపిక్సెళ్లతో 5డీ మార్క్ 2ను ప్రకటించినది. అమెరికాలో పెద్దదాని ధర సుమారు 8,000 డాలర్లు, చిన్నదాని ధర సుమారు 2,700 డాలర్లు. పైగా చిన్నదానిలో పూర్తి హెచ్‌డీ వీడియో కూడా ఉన్నది. ఇంత తేడా ఉండగా పెద్ద శాఖ నిలువలేదు. 2011 అక్టోబరులో కానన్ రెండు శాఖలను కలిపి 18.1 మెగాపిక్సెళ్ల 1డీఎక్స్‌ను ప్రకటించినది. పిక్సెళ్లు పెరుగుతాయని కాచుకున్నవారికి తగ్గిన కెమెరా ఎదురైనది.

రెండవది నికాన్ డీ4ఎక్స్. 2008 డిసెంబరులో 24.5 మెగాపిక్సెళ్ల డీ3ఎక్స్ సుమారు 8,000 డాలర్ల ధరకు వచ్చినది. 2012లో డీ4 రాగానే డీ4ఎక్స్ కూడా వస్తుందని చెప్పుకున్నారు. అది రాలేదు. అదే ఏడాది 36.3 మెగాపిక్సెళ్ల డీ800 సుమారు 3,000 డాలర్లకే రావడంతో ఆ అవసరమే తీరిపోయినది.

మూడవది నికాన్ డీ400. 2009 జూలైలో వచ్చిన డీ300ఎస్ తరువాత ఆ పేరు ఏటా వినిపించినది. ఆరేళ్లకు పైగా గడచి, 2016 జనవరిలో డీ500 అనే పేరుతో వారసుడు వచ్చినది. అన్నేళ్లు ఆగినవారిలో కొందరు వేరే సంస్థకు మారిపోయినారు, మరికొందరు ఫుల్ ఫ్రేమ్ కొనుక్కున్నారు.

నాలుగవది ఫ్యూజీ ఎస్6 ప్రో. ఇది పెళ్లి ఫొటోలవారికి సంబంధించిన ముచ్చట. 2006లో ప్రకటించిన ఎస్5 ప్రో నికాన్ డీ200 శరీరంలో ఫ్యూజీ సెన్సర్‌ను అమర్చి చేసినది. ఒక్కొక్క చోట పెద్ద గ్రాహకం, చిన్న గ్రాహకం రెండూ ఉండడం వలన మిక్కిలి వెలుతురు పడిన తెలుపు భాగాలలోనూ వివరం నిలిచేది. తెల్లని మధుపర్కాల నేత, పసుపు అంచు ఒకే చిత్రంలో చెడకుండా రావలసిన మన పెళ్లిళ్లకు ఇటువంటి గుణం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా దానికి వారసుడు రాలేదు. ఫ్యూజీ 2012లో ఎక్స్-ప్రో1 అనే కెమెరాతో, వేరే లెన్సులతో, వేరే దారి పట్టినది. సంస్థ బ్రతికినది గాని ఆ శాఖ ఆగిపోయినది.

ఈ నాలుగు ఉదాహరణలలో ఒకే నీతి ఉన్నది. నిన్నటి పేరుకు ఒక అంకె కలిపి రేపటి కెమెరాను ఊహించినవారు తప్పినారు. పై మెట్టు కెమెరా పనిని కింది మెట్టు కెమెరా చేయగలిగిన రోజున పై మెట్టు మాయమవుతుందని గ్రహించినవారు నెగ్గినారు.

సరైన ఊహ: అద్దం పోయిన కథ

దిశను గుర్తించిన ఊహ మాత్రం నిజమైనది. డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సు వెనుక ఒక అద్దం ఉంటుంది. అది వెలుతురును పైకి మళ్లించి కంటికి చూపుతుంది. మీట నొక్కినప్పుడు పైకి లేచి సెన్సర్‌కు దారి ఇస్తుంది. ఆ అద్దాన్ని తీసివేసి, సెన్సర్ చూస్తున్న బొమ్మనే చిన్న తెర మీద కంటికి చూపేది మిర్రర్‌లెస్ కెమెరా. 2008లో పానాసోనిక్ జీ1 ఈ తరహాలో వచ్చినప్పుడు వృత్తి నిపుణులు దానిని తమ పనికి తగినదిగా ఎంచలేదు.

2013లో సోనీ ఫుల్ ఫ్రేమ్‌తో ఏ7ను తెచ్చినది. 2017లో వచ్చిన ఏ9 సెకనుకు 20 చిత్రాలు తీస్తున్నా కంటి ముందు తెర నల్లబడని కెమెరా. దానిలోని స్టాక్డ్ సెన్సర్, అనగా జ్ఞాపకశక్తి పొరను వెనుకనే అతికించుకున్న సెన్సర్, సమాచారాన్ని అత్యంత వేగంగా బయటికి పంపగలదు. 2021 అక్టోబరులో నికాన్ జెడ్9 వచ్చినది. దానిలో యాంత్రిక షట్టర్ అనేదే లేదు. 2023 నవంబరులో సోనీ ఏ9 3 వచ్చినది. దానిలో గ్లోబల్ షట్టర్ ఉన్నది. అనగా సెన్సర్ వరుస వెంట వరుసగా కాక, మొత్తం ఒకే క్షణంలో చిత్రాన్ని పట్టుకుంటుంది.

దీనివలన మనకు ఏమి ఒరిగింది అని అడుగవచ్చును. ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ దీపాలు కంటికి తెలియకుండా మినుకుమినుకుమంటాయి. వరుస వెంట వరుస చదివే నెమ్మది సెన్సర్‌తో, చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి తీస్తే బొమ్మ మీద అడ్డచారలు పడతాయి. తాళి కట్టే వేళ తీసిన చిత్రంలో చారలు పడితే ఆ క్షణం మళ్లీ రాదు. సెన్సర్ ఎంత వేగంగా చదివితే ఆ బెడద అంత తగ్గుతుంది. గ్లోబల్ షట్టర్‌తో అడ్డచారలు ఉండవు. ఫ్లాష్‌ను ఎంత వేగమైన షట్టర్‌తోనైనా వాడవచ్చును. అయితే ఏ లాభమూ ఊరికే రాదు. ఏ9 3లో కనిష్ఠ ఐఎస్ఓ 250 నుండి మొదలవుతుంది, నీడలలో రవ్వ కొద్దిగా ఎక్కువ. అందుకే ఆ పద్ధతి వెంటనే అన్ని కెమెరాలలోకి రాలేదు.

2020లో వచ్చిన 1డీఎక్స్ మార్క్ 3 తమ చివరి అగ్రశ్రేణి డీఎస్ఎల్ఆర్ అవుతుందని కానన్ అధిపతి ఫుజియో మితరాయ్ 2021 డిసెంబరులో ఒక జపాను పత్రికకు చెప్పినారు. నికాన్ డీ6 కూడా 2020లోనే వచ్చినది. దానికి వారసునిగా నిలిచినది అద్దం లేని జెడ్9.

పుకారుకు తూకం

ఊహాగానాలన్నీ ఒకే బరువు గలవి కావు. వాటిని నాలుగు తరగతులుగా చూడవచ్చును.

సంస్థే స్వయంగా, ఫలానా కెమెరాను తయారు చేస్తున్నామని ముందుగా ప్రకటించడం మొదటి తరగతి. నికాన్ జెడ్9ను 2021 మార్చిలో ఇలా ప్రకటించి అక్టోబరులో పూర్తి వివరాలు ఇచ్చినది. కానన్ ఆర్1ను 2024 మే నెలలో ప్రకటించి జూలైలో విడుదల వివరాలు వెల్లడించినది. దీనిని నమ్మవచ్చును.

వైఫై, బ్లూటూత్ గల పరికరాలు అమ్మకానికి ముందు ఆయా దేశాల ప్రభుత్వ అనుమతులు పొందవలసి ఉంటుంది. ఆ పట్టికలలో కొత్త పేరు కనిపించడం రెండవ తరగతి. ఏదో ఒక కెమెరా వస్తున్నదని మాత్రమే దీనివలన తెలుస్తుంది, దాని గుణగణాలు తెలియవు.

పేటెంట్ దరఖాస్తులు మూడవ తరగతి. ఇవి సాధారణంగా దాఖలు చేసిన 18 నెలల తరువాత బయటపడతాయి. సంస్థలు వందలకొద్దీ ఆలోచనలకు పేటెంట్ తీసుకుంటాయి. వాటిలో కొద్దిపాటి మాత్రమే అంగడికి వస్తాయి. పేటెంట్ చూచి లెన్సు కోసం ఆగడం విత్తనం చూచి బియ్యం కొలిచినట్లే.

పేరు చెప్పని వ్యక్తి రాసిన గుణగణాల జాబితా నాలుగవది, అన్నిటికంటె తేలికైనది. ఆర్1 రాకముందు దానికి ఎన్నెన్నో మెగాపిక్సెళ్లు ఉంటాయని, గ్లోబల్ షట్టర్ ఉంటుందని చెప్పుకున్నారు. వచ్చినది 24.2 మెగాపిక్సెళ్లతో, గ్లోబల్ షట్టర్ లేకుండా.

రెండు నమ్మదగిన లెక్కలు

పుకార్లతో పని లేకుండా గతాన్ని బట్టి చెప్పగల లెక్కలు రెండు ఉన్నవి.

మొదటిది ఒలింపిక్స్ లెక్క. గోదావరికి పన్నెండేళ్లకొకసారి పుష్కరం వచ్చినట్లు, అగ్రశ్రేణి కెమెరాలకు నాలుగేళ్లకొకసారి ఒలింపిక్స్ వస్తాయి. 2008 బీజింగ్ క్రీడలకు ముందటి ఏడాది నికాన్ డీ3, కానన్ 1డీ మార్క్ 3 వచ్చినవి. 2012 లండన్‌కు ముందు 1డీఎక్స్, డీ4 వచ్చినవి. 2016 రియోకు ముందు డీ5, 1డీఎక్స్ మార్క్ 2 వచ్చినవి. 2020లో జరుగవలసి 2021కి వాయిదా పడిన టోక్యో క్రీడల కోసం డీ6, 1డీఎక్స్ మార్క్ 3 వచ్చినవి. 2024 పారిస్ క్రీడల నెలలోనే ఆర్1 పూర్తి వివరాలు వెల్లడైనవి. 2028 జూలైలో లాస్ ఏంజెలెస్ క్రీడలు జరుగవలసి ఉన్నవి. ఆ ముందటి ఏడాది కాలంలో పెద్ద మోడళ్లు రావడానికి అవకాశం ఎక్కువ అన్నది సహేతుకమైన ఊహ.

రెండవ లెక్క మన స్టూడియోలకు మరింత ఉపయోగకరమైనది. అగ్రశ్రేణి కెమెరాలోని గుండెకాయ కొంత కాలానికి తక్కువ ధర గల కెమెరాలోకి దిగివస్తుంది. 2007 ఆగస్టులో వచ్చిన డీ3 సెన్సర్ 2008 జూలైలో డీ700లోకి దిగినది. 2021 అక్టోబరులో సుమారు 5,500 డాలర్లకు వచ్చిన జెడ్9 సెన్సర్ 2023 మే నెలలో సుమారు 4,000 డాలర్ల జెడ్8లోకి దిగినది. 2024 జూన్‌లో కొంతమేరకు అదే వేగ పద్ధతి గల జెడ్6 3 సుమారు 2,500 డాలర్లకు వచ్చినది. కనుక నేడు పెద్ద కెమెరాలో ఉన్న గుణం రేపు మధ్యతరగతి కెమెరాలో వస్తుందని ఎదురుచూడడం పుకారు కాదు, అనుభవం.

అయితే ఒక మాట గుర్తుంచుకోవలెను. జపానులోని కెమెరా తయారీ సంస్థల సంఘం లెక్కల ప్రకారం 2010లో సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు అంగళ్లకు చేరినవి. 2023లో అవి సుమారు 77 లక్షలు మాత్రమే. సెల్ ఫోన్ మిగిలినదంతా తీసుకున్నది. అమ్మకాలు తగ్గినప్పుడు సంస్థలు చౌక కెమెరాలను తగ్గించుకుని, ఎక్కువ ధర గల కొద్ది మోడళ్ల మీద ఆధారపడతాయి. కాబట్టి కొత్తది వచ్చినప్పుడు ధర తగ్గుతుందని నమ్మి ఆగడం మంచిది కాదు. తగ్గేది పాతదాని ధర.

కెమెరా పోయినా నిలిచేది లెన్సు

శరీరం ఐదారేళ్లకు మారుతుంది. లెన్సు ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. అందువలన ఏ మోడల్ వస్తుంది అన్న ప్రశ్న కంటె ఏ లెన్సు కట్టు నిలుస్తుంది అన్న ప్రశ్న పెద్దది. లెన్సును కెమెరాకు బిగించే ఆ కట్టునే మౌంట్ అంటారు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కానన్ ఈఎఫ్ మౌంట్ 1987 నాటిది. 2018లో నికాన్ జెడ్ మౌంట్‌ను, కానన్ ఆర్ఎఫ్ మౌంట్‌ను ప్రవేశపెట్టినవి. నాటి నుండి ఈ సంస్థల కొత్త ఆలోచనలన్నీ ఆ వైపే సాగుతున్నవి.

పాత లెన్సులు ఉన్నవారు దిగులు పడనక్కరలేదు. ఎఫ్ మౌంట్‌లో లెన్సుకు సెన్సర్‌కు నడుమ దూరం 46.5 మిల్లీమీటర్లు, జెడ్‌లో 16 మిల్లీమీటర్లు. ఈఎఫ్‌లో 44, ఆర్ఎఫ్‌లో 20. ఆ మిగిలిన చోటులో అడాప్టర్ అనే ఉంగరం అమరుతుంది. కానన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ కెమెరాలపై ఆటో ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. కొత్త లెన్సును పాత కెమెరాకు మాత్రం తగిలించలేము. నికాన్‌వారికి ఒక హెచ్చరిక. లోపల మోటారు గల ఏఎఫ్-ఎస్ లెన్సులు నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటో ఫోకస్ చేస్తాయి. మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు చేయవు, చేతితో తిప్పుకోవలసిందే. బీరువాలో ఏ రకం లెన్సులు ఉన్నవో చూడకుండా శరీరం కొనరాదు.

ఇంటి లెక్క

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. ఆగవలెనా, కొనవలెనా?

చేతిలోని కెమెరా పని చెడగొడుతూ ఉంటే, షట్టర్ మొరాయిస్తూ ఉంటే, ముహూర్తాల నెలకు ముందే కొనడం మేలు. మోటారు పంపు పాడైన రైతు వచ్చే ఏడాది కొత్త పంపు వస్తుందని పైరును ఎండబెట్టడు గదా. కెమెరా బాగానే పనిచేస్తూ ఉంటే పుకారు ఉన్నా లేకున్నా కొనవలసిన అవసరమే లేదు. సంస్థ స్వయంగా ప్రకటించిన కెమెరా కోసం మాత్రమే, అదీ చేతిలో పని లేని నెలల్లో మాత్రమే ఆగడం న్యాయం.

కొనేటప్పుడు నాలుగు విషయాలు విచారించవలెను. మొదట, కార్డులు రెండు పట్టే కెమెరానా? పెళ్లి మళ్లీ జరుగదు కనుక ప్రతి చిత్రం రెండు చోట్ల నిలవాలి. రెండవది, ఆ కార్డుల ధర ఎంత? జెడ్9, ఆర్1 వంటివాటికి కావలసిన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డులు మామూలు ఎస్‌డీ కార్డుల కంటె బాగా ఖరీదైనవి. మూడవది, మరమ్మతుకు ఏ నగరానికి పంపవలెను, ఎన్నాళ్లు పడుతుంది? నాలుగవది, పాత డీఎస్ఎల్ఆర్ కొంటూ ఉంటే షట్టర్ ఎన్ని సార్లు పడినది? 5డీ మార్క్ 2 షట్టర్‌ను 1,50,000 సార్లకు, 1డీఎక్స్ షట్టర్‌ను 4,00,000 సార్లకు పరీక్షించినట్లు సంస్థ తెలిపినది. ఆ అంకెకు చేరువైన కెమెరా ఎంత చౌకగా వచ్చినా చౌక కాదు. తక్కువ పడిన డీఎస్ఎల్ఆర్, ఇంట్లో లెన్సులు ఉన్నవారికి, ఇంకా కొన్నేళ్లు అన్నం పెట్టగలదు.

పెళ్లి చేయించే కుటుంబాలకు కూడా ఒక మాట. ఫొటోగ్రాఫరు చేతిలోని కెమెరా ఏ ఏడాదిది అని అడగడం కంటె, నిరుడు తీసిన రెండు ఆల్బములు చూపమని అడగడం మంచిది. రాత్రి ముహూర్తంలో తీసిన చిత్రాలను ప్రత్యేకంగా చూడవలెను. మసక వెలుతురులో పెద్దవారి ముఖాలు స్పష్టంగా వచ్చినవా, మధుపర్కాల తెలుపు నిలిచినదా అన్నవి చూస్తే చాలు.

కెమెరా సంస్థల మనసులో ఏమున్నదో ఎవరూ ముందుగా చెప్పలేరు. 1డీఎస్ మార్క్ 4 కోసం ఆగినవారి పెళ్లిళ్లు ఆగలేదు. అవి 5డీ మార్క్ 2తో తీసినవారి ఆల్బములలో ఉన్నవి. రాబోయే కెమెరా రానున్న నాడు వస్తుంది. ఈ మాఘమాసపు ముహూర్తం మాత్రం ఒక్కసారే వస్తుంది.